మహద్ చెరువు: కోర్టు మెట్లపై పదేళ్లు

1927 మార్చి 20న బాబాసాహెబ్ అంబేద్కర్ మహద్‌లోని చౌదార్ చెరువులో దోసిట నీళ్లు తాగిన సంగతి మనకు తెలుసు. ఏటా గుర్తు చేసుకుంటాం కూడా. ఆ నీళ్ల మీద సివిల్ దావా పడిందనీ, అది పదేళ్లు నడిచిందనీ చెప్పే సభలు మాత్రం తక్కువ.

1891లో మౌలో పుట్టిన ఆయన, లండన్‌లో బారిస్టరై వచ్చి 1923లో బొంబాయి హైకోర్టు అప్పీలు విభాగంలో ప్రాక్టీసు మొదలుపెట్టారు. అంటరాని లాయరుకు పెద్ద కేసులు ఎవరిస్తారు? నాలుగున్నరేళ్లకు ఆయనే ప్రతివాది అయ్యారు.

చెరువు అందరిదీ అని మహద్ మునిసిపాలిటీ 1924లో తీర్మానించింది. దళితులు నిజంగానే తాగేసరికి, 1927 ఆగస్టులో ఆ తీర్మానాన్ని రద్దు చేసుకుంది. డిసెంబరులో రెండోసారి సత్యాగ్రహానికి పిలుపు రాగానే సవర్ణులు కోర్టుకెక్కారు. చెరువు మాది, అంటరానివాళ్లు ముట్టకూడదన్నది తరతరాల ఆచారం, ఇదీ వాళ్ల వాదన. డిసెంబరు 14న తాత్కాలిక ఇంజంక్షన్ వచ్చింది.

25న వేలమంది చేరారు. జైలుకు సిద్ధపడి వచ్చినవాళ్లు. ఆ రాత్రి మనుస్మృతిని తగలబెట్టారు. చెరువు చుట్టూ మాత్రం ఊరేగింపుగా తిరిగారే తప్ప నీళ్లు ముట్టలేదు. ఆయన తీసుకున్న కష్టమైన నిర్ణయాల్లో ఇదొకటని నాకనిపిస్తుంది. నీళ్లు ముట్టి ఉంటే ఆచారం ఉందా లేదా అన్న అసలు ప్రశ్న పక్కకుపోయి, కోర్టు ధిక్కారమే కేసయ్యేది.

1928 ఫిబ్రవరిలో ఇంజంక్షన్ ఎత్తేశారు. 1931 జూన్‌లో దావా కొట్టేశారు. ఓడినవాళ్లు ఠాణే కోర్టుకు అప్పీలుకెళ్లి 1933 జనవరిలో మళ్లీ ఓడారు. అయినా ఆగక హైకోర్టులో రెండో అప్పీలు వేశారు. ఈలోగా రౌండ్ టేబుల్ సమావేశాలు, పూనా ఒప్పందం, యేవలా ప్రకటన అన్నీ జరిగిపోయాయి. హైటెక్ సిటీ పక్కనే కంచ గచ్చిబౌలి 400 ఎకరాల వ్యాజ్యం 2006 నుంచి 2024 దాకా సాగడం చూసిన మనకు ఈ ఆలస్యం కొత్త కాదు.

మొదటి అప్పీలులో వాస్తవాలనూ తిరగదోడొచ్చు. రెండో అప్పీలు చట్టపరమైన ప్రశ్నకే పరిమితం. ఇక్కడ ఆ ప్రశ్న ఒక్కటే: కొన్నేళ్లుగా తాగనివ్వకపోతే అది చట్టం గుర్తించే ఆచారమైపోతుందా? అనాదిగా ఉందని రుజువు చేయాల్సింది దాన్ని అడ్డుపెట్టుకునేవాళ్లే. రుజువు కాలేదని 1937 మార్చి 17న జస్టిస్ బ్రూమ్‌ఫీల్డ్ ధర్మాసనం తేల్చింది. 1922లో గాంధీకి ఆరేళ్ల జైలుశిక్ష వేసిన జడ్జి ఈయనే.

తీర్పు ఇరుకైనదే. అంటరానితనం తప్పని దానికి ఆధారం కాలేదు, సాక్ష్యం చాలకపోవడమే ఆధారం. రుజువు దొరికి ఉంటే?

1950లో అమల్లోకి వచ్చిన రాజ్యాంగం 15వ అధికరణం ఆ సందు మూసింది. ప్రభుత్వ నిధులతో నడిచే బావులు, చెరువులు, స్నానఘట్టాలు అని అందులో పేరుపేరునా రాసి ఉంది. ముసాయిదా కమిటీకి అధ్యక్షుడు ఆ కేసులోని ప్రతివాదే.