సయ్యద్ అబ్దుల్ రహీం

మంజీరానదికి అడ్డముగా అచ్చంపేట గ్రామము చెంత నిజాంసాగరు ఆనకట్ట నిర్మాణము 1923వ సంవత్సరమున మొదలై 1931లో ముగిసెను. కూలీలు రాతిపై రాయి పేర్చుచుండిన ఆ కాలమున, అదే రాజ్యమునకు రాజధానియైన హైదరాబాదు నగరమున ఒక బాలుడు చదువుకొనుచు, పెరిగి పెద్దవాడగుచు, సాయంకాలములయందు ఫుట్‌బాల్ ఆడుచుండెను. ఆనకట్ట వలన బాన్సువాడ, బోధను ప్రాంతముల పొలములకు నీరు వచ్చెను. ఆ బాలుని వలన మన దేశపు ఫుట్‌బాల్ ఆటకు వచ్చినదేమో తెలిసికొనుటకు ఆయన జీవితకథ చదువవలెను.

సయ్యద్ అబ్దుల్ రహీం 1909వ సంవత్సరము ఆగస్టు 17వ తేదీన హైదరాబాదునందు జన్మించెను. ఉస్మానియా విశ్వవిద్యాలయమున చదివి, పిదప ఉపాధ్యాయ వృత్తిని చేపట్టెను. కాచిగూడ మాధ్యమిక పాఠశాల, దారుల్ ఉలూం ఉన్నత పాఠశాల, చాదర్‌ఘాట్ ఉన్నత పాఠశాల మొదలగు చోట్ల పనిచేసెను. నడుమ వ్యాయామవిద్యలో డిప్లొమా పొంది, పాఠములతో బాటు ఆటల బాధ్యతను కూడ వహించెను. ఆటగాడుగా ఆయనకు నగరమున మంచి పేరే యుండెను. కాని ఆయన కీర్తికి కారణము తాను ఆడిన ఆట కాదు, ఇతరులచేత ఆడించిన ఆట. బడిపంతులునకు ఇది క్రొత్త సంగతి కాదు. తన చేతిమీదుగా పోయినవారు పైకి వచ్చినప్పుడే గదా అతని చదువునకు విలువ కలుగునది!

ఆ దినములలో మన దేశమున ఫుట్‌బాల్ ఆట యనిన కలకత్తా నగరమే. మోహన్ బగాన్, ఈస్ట్ బెంగాల్, మహమ్మడన్ స్పోర్టింగ్ అను మూడు జట్ల పేరు వినని క్రీడాభిమాని లేడు. దక్కను పీఠభూమినుండి ఒక జట్టు బయలుదేరి వారిని మించునని తలచినవారు అరుదు. 1943లో రహీం హైదరాబాదు నగర పోలీసు జట్టునకు శిక్షకుడయ్యెను. ఆ జట్టులోని వారందరు కొలువు చేయు పోలీసులు. ఆట మాత్రమే ఆడి బ్రదుకుట ఆనాడు సాధ్యము కాదు. ఉద్యోగమిచ్చి ఆడించు శాఖ యొకటి యుండుటయే ఆటగానికి గొప్ప అదృష్టము. పేదయింటి పిల్లవాడు కాలి నేర్పుచేత పోలీసు కొలువు సంపాదించినచో ఆ కుటుంబమంతయు ఒడ్డున పడెడిది.

రహీం వారికి నేర్పినదేమి? ఆనాటి మన ఆటగాండ్రకు ఒక అలవాటుండెను. బంతి కాలికి దొరికిన తోడనే దానిని మెలికలు త్రిప్పుచు, ఎదుటివారిని ఒక్కొక్కరిని తప్పించుకొనుచు ఒంటరిగా తీసికొనిపోవుటయే గొప్ప యని తలచెడివారు. చూచువారును చప్పట్లు చరిచెడివారు. రహీమునకు ఇది నచ్చలేదు. మనిషి పరుగుకంటె బంతి పరుగు వేగమైనది. అందుచేత బంతిని తన యొద్ద ఉంచుకొని త్రిప్పరాదు, అందిన వెంటనే తోటివానికి అందింపవలెను అను నిబంధనతో ఆయన ప్రత్యేకముగా పోటీలు నడపెను. వాటమైన కాలితో తన్నరాదు, రెండవ కాలితోనే తన్నవలెనని మరికొన్ని పోటీలు పెట్టెను. వినుటకు ఇది హాస్యముగా తోచును గాని ఒక్కమారు ఆడిచూచినచో అందలి కష్టము తెలియును. ఈ కష్టమునకు ఫలము లేకపోలేదు. రెండు కాళ్లును సమానముగా పనిచేయువాడు బంతితో వచ్చునప్పుడు, ఏ ప్రక్క అడ్డుకొనవలెనో తెలియక ఎదుటివాడు తికమకపడును.

1950లో ఈ పోలీసు జట్టు బొంబాయి నగరమున రోవర్సు కప్పును గెలిచెను. 1951, 1952, 1953, 1954 సంవత్సరములందును దానినే గెలిచెను. వరుసగా అయిదేండ్లు ఆ కప్పు హైదరాబాదు విడిచిపోలేదు. డ్యూరాండు కప్పును 1950, 1954, 1957 సంవత్సరములందు గెలిచెను. ఆంధ్రప్రదేశము ఏర్పడిన కొంతకాలమునకు ఆ జట్టునకే ఆంధ్ర పోలీసు జట్టని పేరు వచ్చెను. ఆ పేరుతో 1961లో డ్యూరాండు కప్పును మరల సాధించెను. రాష్ట్రముల నడుమ జరుగు సంతోష్ ట్రోఫీ పోటీలయందు కూడ హైదరాబాదు 1956-57, 1957-58 సంవత్సరములలో విజయము పొందెను.

పోలీసుజట్టు ఖ్యాతి వలన రహీమునకు భారతజట్టును తీర్చిదిద్దు పని లభించెను. 1951 మార్చి నెలలో మొదటి ఆసియా క్రీడలు ఢిల్లీలో జరిగెను. తుదిపోటీలో మేవాలాల్ చేసిన ఒక్క గోలుతో భారతజట్టు ఇరానును ఓడించి బంగారు పతకము గెలిచెను. దేశమంతయు సంతోషించెను. ఆ సంతోషము పదునారు మాసములే నిలిచెను.

1952 జూలైలో ఫిన్లండు దేశపు హెల్సింకి నగరమున ఒలింపిక్సు జరిగెను. మన ఆటగాండ్రలో పెక్కురు వట్టికాళ్లతో ఆడువారు. 1948లో లండనునందు వారు అట్లే ఆడి, ఫ్రాన్సుతో రెండు గోలులకు ఒక గోలు తేడాతో ఓడినను లోకుల మెప్పు పొందియుండిరి. కోతలైన మడులలో వట్టికాళ్లతో బంతి తన్నుట నిజాంసాగరు కాలువల క్రింది గ్రామముల పిల్లలకు తెలియనిది కాదు. పొడినేల మీద వట్టికాలు బంతిని చక్కగా పట్టును. బంతి ఎటు తిరుగుచున్నదో వేళ్లకే తెలియును. చలిదేశపు పచ్చిక మీద అదే కాలు జారును, మొద్దుబారును. ఎదుట నిలిచిన యుగోస్లావియావారు బలిష్ఠులు, బూట్లు తొడిగినవారు. భారతజట్టు పది గోలులకు ఒక గోలుతో ఓడెను. అంత పెద్ద ఓటమి నెత్తిన బడిన శిక్షకునకు సాకులు చెప్పుకొనుట సులభము, పని మానుకొనుట మరింత సులభము. రహీం ఈ రెండును చేయలేదు.

ఆ ఓటమి పిమ్మట అఖిలభారత ఫుట్‌బాల్ సంఘము బూట్లు ధరించుటను తప్పనిసరి చేసెను. ఉత్తరువు వ్రాయుటకు కాగితము చాలును. చిన్ననాటినుండి వట్టికాలికి అలవాటుపడినవాడు బూటు తొడిగినచో మడమ ఒరసికొనును, బంతి ఎక్కడ తగిలినదో తెలియదు, నడకయే మారిపోవును. అట్టివారిని క్రొత్తగా మలచు పనియే శిక్షకునిది. క్రొత్తవారిని వెదకుటయందును రహీం దృష్టి తీక్ష్ణమైనది. సికిందరాబాదు ప్రక్కనున్న అమ్ముగూడలో తులసీదాస్ బలరాం అను పేదపిల్లవాడుండెను. అతని ఆట చూచిన రహీం సాధనకు రమ్మని పిలిచెను. రాకపోకలకు అతనియొద్ద డబ్బు లేకపోగా, సైకిలు అద్దె తానే యిచ్చి రప్పించెనని చెప్పుదురు. బలరాం తరువాత దేశమునందలి మేటి ఆటగాండ్రలో ఒకడయ్యెను.

1956లో ఆస్ట్రేలియా దేశపు మెల్బోర్ను నగరమున ఒలింపిక్సు జరిగెను. అక్కడికి పోయిన భారతజట్టులో అజీజుద్దీన్, నూర్ మహమ్మద్, జుల్ఫికరుద్దీన్, బలరాం మొదలగు హైదరాబాదువారు పలువురుండిరి. రహీం అప్పుడొక ఉపాయము పన్నెను. ముందువరుస నడుమ నుండవలసిన ఆటగానిని కొంత వెనుకకు లాగి ఆడించెను. ఎదుటి కాపరి అతని వెంట వచ్చినచో గోలుముందు ఖాళీ ఏర్పడును, రాకున్నచో అతడు తీరికగా బంతిని పంచిపెట్టును. హంగరీవారు 1953లో లండనునందు ఇంగ్లండును ఓడించినది ఇట్టి ఉపాయముతోనే. దూరదేశములలోని ఆట తీరును తెలిసికొని తన పిల్లలకు సరిపడునట్లు మార్చుకొనుట రహీమునకు అలవాటు.

డిసెంబరు 1వ తేదీన భారతజట్టు ఆస్ట్రేలియా నేలమీదనే ఆస్ట్రేలియా జట్టును నాలుగు గోలులకు రెండు గోలులతో ఓడించెను. నెవిల్ డిసౌజా ఒక్కడే మూడు గోలులు చేసెను. ఒలింపిక్సు ఫుట్‌బాల్ ఆటలో ఒకే పోటీయందు మూడు గోలులు చేసిన మొదటి ఆసియావాసి అతడే. సెమీఫైనలులో ఎదురైనది మరెవ్వరో కాదు, నాలుగేండ్ల క్రిందట పది గోలులు చేసిన యుగోస్లావియా. ఈసారి మొదటి గోలు భారతీయులదే. కొంతసేపు ఆ జట్టును నిలువరించి, తుదకు నాలుగు గోలులకు ఒక గోలుతో ఓడిరి. మూడవ స్థానపు పోటీలో బల్గేరియా చేతిలోను ఓడి నాలుగవ స్థానమున నిలిచిరి. అంతకుముందు ఆసియా ఖండపు జట్టేదియు ఒలింపిక్సు ఫుట్‌బాలులో సెమీఫైనలు చేరియుండలేదు.

1960 రోము ఒలింపిక్సునందు హంగరీ చేతిలో రెండు గోలులకు ఒకటితో ఓడి, ఫ్రాన్సుతో సమానముగా నిలిచి, పెరూ చేతిలో మూడింటికి ఒకటితో ఓడిరి. ఫలితములు గొప్పవి కావు. ఆ జట్టులో రహీం కుమారుడు ఎస్. ఎస్. హకీం కూడ నుండెను. మూడు పోటీలలో ఒక్కదానియందైనను అతనికి ఆడు అవకాశము రాలేదు. ఎవరిని దింపవలెనో నిర్ణయించువాడు తండ్రియే.

1962లో జకార్తా నగరమున నాలుగవ ఆసియా క్రీడలు జరుగునాటికి రహీం శరీరము లోలోపల శిథిలమగుచుండెను. ఆయనకు పొగత్రాగు అలవాటు మిక్కుటము. ఊపిరితిత్తులలో క్యాన్సరు వ్యాపించుచుండెను. ఆ స్థితిలోనే జట్టుతో బయలుదేరెను. మొదటి పోటీయందే దక్షిణ కొరియా రెండు గోలులతో మనవారిని ఓడించెను. తరువాత మనవారు థాయిలాండును, జపానును గెలిచిరి గాని, వెనుకవరుసలో కోటగోడవలె నిలుచు జర్నైల్ సింగునకు తలకు గాయమై కుట్లు పడెను. మరియొకడైనచో అతనిని పండుకొనబెట్టి యుండును. రహీం అతనిని వెనుకవరుస నుండి తీసి ముందువరుసలో నిలిపెను. సెమీఫైనలులో దక్షిణ వియత్నాముపై మనవారు చేసిన మూడు గోలులలో ఒకటి ఆ కట్టు కట్టిన తలవానిదే. మిగిలిన రెండు జట్టు నాయకుడు చునీ గోస్వామివి.

మైదానము వెలుపల మరియొక చిక్కు పుట్టెను. ఇజ్రాయేలు, తైవాను దేశముల క్రీడాకారులను ఇండోనేషియా రానీయలేదు. అది తగదని భారతీయుడైన క్రీడాధికారి జి. డి. సోంధీ ఆక్షేపించెను. దానితో జకార్తా ప్రజలు భారతీయులపై మండిపడిరి. భారత రాయబార కార్యాలయముపై దాడి జరిగెను. మన ఆటగాండ్రు బస్సులో పోవునప్పుడు కిటికీలలో కనబడక నేలమీద కూర్చుండవలసి వచ్చెనని వారే తరువాత చెప్పిరి. ఆటకు సంబంధింపని కోపమును ఆటగాడు భరింపవలసి వచ్చుట న్యాయము కాదు, కాని అట్లు జరుగుట ఇదియే మొదటిసారియు కాదు, తుదిసారియు కాదు.

తుదిపోటీకి ముందటి రాత్రి పలువురికి నిద్ర పట్టలేదు. రహీం వారితో మాటలాడుచు, మరునాడు తనకొక కానుక కావలెననియు, అది బంగారు పతకమే యనియు అడిగెనట. ఆ సంగతి వారు ముసలితనమున కూడ కన్నీటితో తలచుకొనెడివారు.

సెప్టెంబరు 4వ తేదీన సుమారు లక్షమంది ప్రేక్షకుల నడుమ, మొదటిదినమున తమను ఓడించిన దక్షిణ కొరియానే మనవారు మరల ఎదుర్కొనిరి. మన జాతీయగీతము వినబడనంతగా జనులు కేకలు వేసిరి. ఆ జనసముద్రమున మనవారిని ఉత్సాహపరచిన కొలదిమందిలో పాకిస్తాను హాకీ జట్టువారుండుట చెప్పదగిన విషయము. జ్వరము వలన కొన్ని పోటీలకు దూరమైయుండిన తంగరాజ్ తిరిగి గోలుముందు నిలిచెను. 17వ నిమిషమున పి. కె. బెనర్జీ మొదటి గోలు చేసెను. మూడు నిమిషములకే జర్నైల్ సింగు రెండవది చేసెను. కొరియావారు ఎడతెగక పైబడిరి. ఆట ముగియుటకు అయిదు నిమిషముల ముందు వారొక గోలు చేసిరి. మిగిలిన ఆ అయిదు నిమిషములు మనవారికి ఎంత దీర్ఘముగా తోచెనో! ఈల మ్రోగునప్పటికి గోలులు రెండు, ఒకటి. రహీం అడిగిన కానుక ఆయనకు దక్కెను.

అదియే జాతీయజట్టుతో ఆయన చివరి గెలుపు. హైదరాబాదు చేరిన పిదప వ్యాధి ముదిరెను. 1963వ సంవత్సరము జూన్ 11వ తేదీన, ఏబదిమూడేండ్ల వయస్సున సయ్యద్ అబ్దుల్ రహీం కన్నుమూసెను. మరుసటి సంవత్సరము టోక్యోలో జరిగిన ఒలింపిక్సునకు భారతజట్టు అర్హత పొందలేకపోయెను. ఆసియా క్రీడలలో 2023 వరకు ఫుట్‌బాలునకు మరల బంగారు పతకము రాలేదు. 1970లో బాంకాకు నగరమున కంచు పతకము మాత్రము లభించెను. ఆనాటి జట్టు నాయకుడు సయ్యద్ నయీముద్దీన్, హైదరాబాదువాడు.