ఇంటి కుళాయి వద్దన్న ముఖ్యమంత్రి

విరుదునగర్: నల్లరేగడి నేల. వాన తక్కువ, ఎండ ఎక్కువ. కోవిల్‌పట్టి నుంచి విరుదునగర్ దాకా ఏ ఊరికి వెళ్లినా నీళ్ల కష్టం కథలే. అలాంటి చోట ముఖ్యమంత్రి ఇంటికి మున్సిపాలిటీ నేరుగా నీళ్ల కనెక్షన్ ఇచ్చేసింది. అందులో తప్పేముందని ఎవరైనా అనుకుంటారు. ఆయన అనుకోలేదు. ఊళ్లో అందరికీ లేని సౌకర్యం తన ఇంటికి ఎందుకని వెంటనే తీయించేశారు. ఆయనే కామరాజ్.

1903 జులై 15న విరుదుపట్టిలో పుట్టారు. ఆ ఊరే 1923లో విరుదునగర్ అయింది. తండ్రి కుమారస్వామి నాడార్ కొబ్బరికాయల వ్యాపారి. చిన్నప్పుడే పోయారు. ఇంటింటా పిడికెడు బియ్యం పోగుచేసి నడిపిన క్షత్రియ విద్యాశాలలో కొన్నాళ్లు చదివి, బడి మానేసి మేనమామ బట్టల కొట్లో కూర్చున్నారు. అక్కణ్నుంచి స్వాతంత్య్రోద్యమంలోకి. 1930లో ఉప్పు సత్యాగ్రహంలో పాల్గొని కలకత్తా అలీపూర్ జైలుకెళ్లారు. పెళ్లి చేసుకోలేదు.

జైల్లో ఉండగానే చైర్మన్

వెల్లూరు జైల్లో ఉండగానే విరుదునగర్ మున్సిపల్ చైర్మన్‌గా ఎన్నికయ్యారు. 1941 నవంబరులో విడుదలై వచ్చి రాజీనామా ఇచ్చేశారు. పూర్తిగా న్యాయం చేయలేని పదవి పట్టుకుని కూర్చోకూడదన్నది ఆయన లెక్క. తర్వాత కుళాయి విషయంలో మున్సిపాలిటీకి ఎదురు చెప్పింది ఒకప్పటి ఆ చైర్మనే.

గుడియాత్తం గెలుపు

1954 ఏప్రిల్‌లో మద్రాసు ముఖ్యమంత్రి అయ్యేనాటికి ఆయన లోక్‌సభ సభ్యుడు. శాసనసభకు రావాలంటే ఉప ఎన్నికలో గెలవాలి. మన చిత్తూరు సరిహద్దును ఆనుకున్న గుడియాత్తంలో నిలబడి గెలిచారు. తొమ్మిదేళ్ల పాలనలో సాత్తనూరు, వైగై, మణిముత్తారు డ్యాములు పూర్తయ్యాయి. నైవేలి లిగ్నైట్, కుందా జలవిద్యుత్ పనులు ఊపందుకున్నాయి. పల్లెలకు కరెంటొచ్చింది. బడిలో మధ్యాహ్న భోజనం సరేసరి. అందరికీ ఆయన ఇచ్చింది నీళ్లు, కరెంటు, చదువు. సొంతింటికి మాత్రం ప్రత్యేకంగా ఏదీ వద్దన్నారు. తల్లి శివకామి అమ్మాళ్‌కు నెలనెలా పంపిందీ ఖర్చులకు సరిపడా కొద్ది మొత్తమే. ఆమెకు కష్టంగానే ఉండి ఉంటుంది.

ఈ జిల్లాలోనే మరో ముఖ్యమంత్రి ఉన్నారు. రాజపాళయం తెలుగు రాజుల బిడ్డ పి.ఎస్.కుమారస్వామి రాజా. ఆయనైతే ఇంటినే జనానికిచ్చేశారు. అదే ఇప్పటి గాంధీ కలై మన్రం.

సొంతూళ్లో ఓటమి

1963లో కామరాజ్ పదవి వదిలి పార్టీ పనికి వెళ్లారు. ఢిల్లీలో ఇద్దరు ప్రధానుల ఎంపికలో ఆయన మాటే చెల్లింది. 1967లో విరుదునగర్‌లో పోటీ చేస్తే విద్యార్థి నాయకుడు పి.శ్రీనివాసన్ చేతిలో 1,285 ఓట్ల తేడాతో ఓడిపోయారు. కుళాయి వద్దన్న ఊరే ఓడించిందన్న మాట.

1975 అక్టోబరు 2న, గాంధీ జయంతి నాడు, చెన్నైలో కన్నుమూశారు. అప్పటికి ఉంటున్నది అద్దె ఇల్లు. వెనకేసిన ఆస్తేమీ లేదు. 2003లో తమిళనాడు ప్రతి భవనానికీ వాననీటి సేకరణ తప్పనిసరి చేసింది. ఆయన పుట్టిపెరిగిన విరుదునగర్ ఇల్లు ఇప్పుడు ప్రభుత్వ స్మారకం.