యల్లాప్రగడ సుబ్బారావు

యల్లాప్రగడ సుబ్బారావు 1895వ సంవత్సరము జనవరి 12వ తేదీన భీమవరమున జన్మించెను. ఆయన సోదరులిద్దరు సంగ్రహణి వ్యాధికి బలియైరి. ఆనాడు ఆ వ్యాధికి తగిన మందు లేదు. ఈ దుఃఖము ఆయన హృదయమున నాటుకొనెను. మద్రాసులో వైద్యవిద్య ముగించి, 1923లో అమెరికా చేరి, హార్వర్డు విశ్వవిద్యాలయమున పరిశోధనలు చేసెను. 1940లో న్యూయార్కు సమీపమునందలి లెడర్లీ ప్రయోగశాలలో ప్రవేశించి, పిదప అచటి పరిశోధనలకు అధిపతి ఆయెను. 1945లో ఆయన బృందము కృత్రిమముగా తయారుచేసిన ఫోలిక్ ఆమ్లము సంగ్రహణి రోగులకు మందుగా ఉపయోగపడెను.

ఆ సంవత్సరములలోనే ఆయన దృష్టి బోదకాలు వ్యాధిపై నిలిచెను. దోమకాటు వలన మనుష్యుని దేహమున చేరు సన్నని పురుగులే ఈ వ్యాధికి కారణము. అంతవరకు వాడుకలోనున్న ఆర్సెనిక్, ఆంటిమొనీ మందులు పురుగుతోపాటు రోగికిని కీడు చేయుచుండెను. క్రొత్త మందు కావలెను. కాని గుణదోషములు తెలియని మందును రోగి కిచ్చుట యెట్లు? ముందుగా జంతువులపై పరీక్షింపవలెను. మనుష్యుని బాధించు పురుగు ప్రయోగశాలలలో పెంచు మామూలు జంతువుల దేహమున బ్రతుకదు. ఇదియే చిక్కు.

ఆదోని, ఎమ్మిగనూరు ప్రాంతములలో వలెనే అమెరికా దక్షిణ రాష్ట్రములలోను పత్తిచేలు కలవు. అచట తిరుగు ఒక జాతి ఎలుకకు పత్తియెలుక అని పేరు. బోదకాలు పురుగును పోలిన పురుగు ఆ యెలుకలో సహజముగనే నివసించును. సుబ్బారావు సహచరులు దానినే ఎన్నుకొనిరి. మందు పెట్టుటకు ముందును, పెట్టిన పిమ్మటను ఎలుక రక్తబిందువును సూక్ష్మదర్శిని క్రింద నుంచి, అందలి పిల్లపురుగులను లెక్కించిరి. ఎన్నో పదార్థములను పరీక్షింపగా, తుదకు ఒకటి పురుగులను హరించియు ఎలుకను బ్రతుకనిచ్చెను. అదియే హెట్రజాన్. కుక్కలపైనను దానిని పరీక్షించిరి.

ఎలుకకు మేలుచేసినది మనుష్యునికి మేలుచేయునని వెంటనే నమ్మరాదు. కావున 1947లో పోర్టోరికో ద్వీపమున కొందరు రోగులకు మాత్రమే దాని నిచ్చి, జాగ్రత్తగా కనిపెట్టి చూచిరి. వారి రక్తమున పిల్లపురుగులు శీఘ్రముగా తగ్గిపోయెను. ముదిరిన వాపును ఈ మందు పోగొట్టజాలదు. అయినను రక్తమున పిల్లపురుగులు లేనిచో దోమ వ్యాధిని ఇతరులకు చేర్చజాలదు.

1948వ సంవత్సరము ఆగస్టులో, 53వ యేట, సుబ్బారావు న్యూయార్కులో కన్నుమూసెను. ఆయన స్వదేశమునకు తిరిగి రాలేదు. ఆ మందు మాత్రము తెలుగునాటి పల్లెలకు వచ్చినది. నేటికిని బోదకాలు నివారణకై ఇంటింట పంచబడుచున్నది. ఆ చిన్న మాత్ర వెనుక ఒక శాస్త్రజ్ఞుని సహనమేగాక, నోరులేని అల్పప్రాణుల ఋణమును కలదు.