బంతాట నేర్పిన బడిపంతులు రహీం సాహెబు

శనక్కాయ పీకుడు అయిపోయాక కంబదూరు బీళ్లలో పిల్లలు చేరి బంతి తన్నుతుంటే, చూడవచ్చిన పెద్దలు మొదట అడిగేది ఎవరు గెలిచారనే. ఎలా ఆడారని అడిగేవారు తక్కువ. ఆ రెండో ప్రశ్నను పట్టించుకున్న బడిపంతులొకరు హైదరాబాద్‌లో ఉండేవారు. ఆయనే సయ్యద్ అబ్దుల్ రహీం.

1909 ఆగస్టు 17న జన్మించిన రహీం ఉస్మానియా విశ్వవిద్యాలయంలో చదివి, ఆ జట్టుకు ఆడి, తర్వాత ఉపాధ్యాయుడయ్యారు. 1943లో హైదరాబాద్ ఫుట్‌బాల్ సంఘానికి కార్యదర్శి అయ్యారు. ఆయన తర్ఫీదు ఇచ్చిన సిటీ పోలీసు జట్టు 1950 నుంచి 1954 దాకా వరుసగా ఐదేళ్లు బొంబాయిలో రోవర్స్ కప్పు గెలిచింది.

ఆయన నేర్పే పద్ధతి వేరు. వాటం లేని కాలితోనే ఆడాలని పోటీలు పెట్టేవారు. బంతిని తన దగ్గరే తిప్పుకోకుండా తోటివాడికి అందించాలన్న నిబంధనతో మరికొన్ని పోటీలు. అలాంటి ఆటలో ఒంటరి మొనగాడికి పని ఉండదు. సికింద్రాబాద్ పేద కుర్రాడు తులసీదాస్ బలరాంకు మైదానానికి వచ్చే స్తోమత లేకపోతే సైకిలు ఏర్పాటు చేయించారు. ఆ బలరామే 1956లో మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో ఆడాడు.

ఓటమీ ఆయనకు తెలుసు. 1952లో హెల్సింకీ ఒలింపిక్స్‌లో, చాలామంది వట్టి కాళ్లతో ఆడగా, యుగొస్లావియా చేతిలో మనవాళ్లు 10-1 తేడాతో చిత్తయ్యారు. నాలుగేళ్లకు మెల్‌బోర్న్‌లో అదే రహీం జట్టు ఆస్ట్రేలియాను 4-2తో ఓడించి నాలుగో స్థానంలో నిలిచింది.

ఇక 1962 జకార్తా ఆసియా క్రీడలు. మొదటి ఆటలోనే దక్షిణ కొరియా చేతిలో 0-2 ఓటమి. తర్వాత థాయ్‌లాండ్‌తో ఆడుతూ వెనుక వరుస ఆటగాడు జర్నైల్ సింగ్ తలకు దెబ్బ తగిలి కుట్లు పడ్డాయి. రహీం అతన్ని కూర్చోబెట్టలేదు. కట్టుతోనే ముందు వరుసకు పంపారు. సెప్టెంబరు 4న ఫైనల్లో మళ్లీ అదే కొరియా. జ్వరపడి లేచిన తంగరాజ్‌ను గోలు దగ్గర నిలబెట్టారు. రాజకీయ వివాదం వల్ల లక్షమంది ప్రేక్షకులు మన జట్టును ఎగతాళి చేస్తుంటే, అవే క్రీడల హాకీ ఫైనల్లో మనల్ని ఓడించిన పాకిస్తాన్ ఆటగాళ్లు మనవాళ్లను ఉత్సాహపరిచారని జట్టువారు తర్వాత చెప్పుకున్నారు. పి.కె. బెనర్జీ ఒక గోలు, జర్నైల్ ఒక గోలు. 2-1తో స్వర్ణం మనది.

తల పగిలినవాణ్ని తలతో బంతి కొట్టేచోట నిలబెట్టడం సబబేనా? ఈనాటి వైద్యులు ఒప్పుకోరు. మా ఊరి పంతులెవరైనా కప్పు కోసం ఆ పని చేస్తే మేమే తప్పుపడతాం. రహీం మోసం నేర్పలేదు, వేరొకరి పేరుతో ఎవరినీ దింపలేదు. అయినా ఆ ఒక్క నిర్ణయం దగ్గర, ఆయనను ఎంత అభిమానించేవారికైనా మనసు కొంచెం ఆగుతుంది. జర్నైల్ కోలుకుని తర్వాత దేశ జట్టుకు నాయకుడయ్యాడు.

జకార్తా నుంచి వచ్చిన తొమ్మిది నెలలకే, 1963 జూన్ 11న, ఊపిరితిత్తుల క్యాన్సర్‌తో రహీం సాహెబు కన్నుమూశారు. ఆసియా క్రీడల ఫుట్‌బాల్ స్వర్ణం ఆ తర్వాత మన దేశానికి మళ్లీ రాలేదు.