బడి మానేసిన ఇంజనీరు – జి.డి. నాయుడు

మన వార్షికోత్సవ సంచికల్లో ఏటా మహానుభావుల జీవితాలు చదువుకుంటూనే ఉన్నాం. అందులో నాయకులుంటారు, కవులుంటారు. నూనె చేతుల మనిషి మాత్రం ఎక్కడో గానీ కనిపించడు. అందుకే ఈసారి జి.డి. నాయుడు గారి గురించి రాస్తున్నాను. కోయంబత్తూరు ప్రాంతంలో తరతరాలుగా స్థిరపడిన తెలుగు కుటుంబం వారిది. భారతదేశపు ఎడిసన్ అని ఆయనకు పేరు.

గోపాలస్వామి దొరస్వామి నాయుడు 1893 మార్చి 23న కోయంబత్తూరు దగ్గర కలంగల్ గ్రామంలో రైతు ఇంట జన్మించారు. చిన్నతనంలోనే తల్లి పోయింది. చదువు ప్రాథమిక తరగతులతోనే ఆగిపోయింది. పంతులుగారి కళ్లలో ఇసుక కొట్టి బడి నుంచి పారిపోయాడని ఆయన గురించి ఇప్పటికీ చెప్పుకుంటారు. (తమ్ముళ్లు ఈ ఒక్క విషయంలో ఆయనను ఆదర్శంగా తీసుకోవద్దని మనవి.)

ఒకరోజు ఒక బ్రిటిష్ అధికారి రడ్జ్ మోటారు సైకిలు మీద వారి ఊరికి వచ్చాడు. గుర్రం లేదు, ఎద్దు లేదు, బండి పోతున్నది! కుర్రవాడికి నిద్ర పట్టలేదు. కోయంబత్తూరు చేరి హోటల్లో సర్వరుగా పనిచేసి, పైసా పైసా కూడబెట్టి, చివరికి ఆ బండినే కొన్నారు. కొన్నవాడు ఎవరైనా ఎక్కి ఊరంతా తిరుగుతాడు. ఆయన మాత్రం ముందు దాన్ని పూర్తిగా విప్పారు, మళ్లీ బిగించారు. అదే ఆయన కాలేజీ.

అలా విప్పిన వాటిలో బొటనవేలంత స్పార్క్ ప్లగ్గు కూడా ఉండి తీరాలి. అప్పటికి అది చాలా కొత్త వస్తువు. జర్మనీలోని బాష్ కంపెనీ ఇంజనీరు గాట్లోబ్ హోనాల్డ్ హైవోల్టేజి మాగ్నెటోను, దానికి తగిన ప్లగ్గును తయారుచేసింది 1902లోనే. సిలిండర్లో నొక్కుకుపోయిన పెట్రోలు ఆవిరికి సరైన క్షణంలో నిప్పు అంటించటమే దాని పని. మన బొగ్గు గనుల పిల్లలకు ఇది కొంచెం వింతగా తోస్తుంది. మన నాన్నలు దిగే బాయిలో మీథేన్ ఉంటుంది కాబట్టి అక్కడ నిప్పురవ్వ అంటే ప్రాణభయం. స్విచ్చు కూడా ఫ్లేమ్‌ప్రూఫ్ పెట్టెలోనే ఉండాలి. ఇంజనులోనేమో ఆ రవ్వ రాకపోతేనే బండి కదలదు. ఓపెన్‌కాస్ట్ డంపర్లకు ఈ ప్లగ్గుతో పనిలేదు, అవి డీజిలు బండ్లు. గాలిని గట్టిగా నొక్కితే పుట్టే వేడికే డీజిలు అంటుకుంటుంది.

మధ్యలో పత్తి వ్యాపారం చేసి బొంబాయిలో ఉన్నదంతా పోగొట్టుకున్నారు. తర్వాత రాబర్ట్ స్టేన్స్ అనే ఇంగ్లీషు వ్యాపారి అప్పుగా సాయం చేయగా ఒక బస్సు కొని, 1920లో పొల్లాచ్చి – పళని మధ్య తానే డ్రైవరుగా నడిపారు. మన సింగరేణి కాలరీస్ కంపెనీ ఏర్పడింది కూడా ఆ ఏడాదే. ఆ ఒక్క బస్సు పెరిగి పెరిగి యు.ఎం.ఎస్. అనే పెద్ద రవాణా సంస్థ అయింది.

ఆనాటి బస్సులు పెట్రోలువి. ఎండలో, బరువుతో రోజంతా తిరిగే ఇంజనుకు ఏ ప్లగ్గు పడితే ఆ ప్లగ్గు పనికిరాదు. ప్లగ్గు కొన దాదాపు 400 నుంచి 850 డిగ్రీల వేడి మధ్య ఉండాలి. అంతకు తగ్గితే మసి కాలిపోక పేరుకుపోతుంది, రవ్వ రాదు. మరీ పెరిగితే రవ్వ రాకముందే ఆ ఎర్రటి కొనకే పెట్రోలు అంటుకుని పిస్టను పాడవుతుంది. లోపలి పింగాణీ ముక్కు పొడవుగా ఉంటే వేడి బయటికి ఆలస్యంగా పోతుంది, దాన్ని హాట్ ప్లగ్గు అంటారు. పొట్టిగా ఉంటే కోల్డ్ ప్లగ్గు. ఎక్కువ బరువుతో ఆగకుండా పరుగెత్తే ఇంజనుకు కోల్డు, నూనె ఎక్కే అరిగిన ఇంజనుకు ఒక గ్రేడు హాటు వాడటం మెకానిక్కుల పద్ధతి. విప్పి చూస్తే కొన లేత గోధుమ రంగులో ఉండాలి. నల్లటి పొడి మసి ఉంటే పెట్రోలు ఎక్కువవుతున్నదని, తడి నలుపు ఉంటే నూనె ఎక్కుతున్నదని, తెల్లబడితే వేడెక్కుతున్నదని అర్థం. మన డాక్టర్లు నాలుక చూసినట్టే!

నాయుడు గారి దృష్టి బస్సుల దగ్గర ఆగలేదు. 1937లో పీలమేడులోని ఆయన కర్మాగారం నుంచి దేశంలోనే మొదటి ఎలక్ట్రిక్ మోటారు వచ్చింది. అందులో డి. బాలసుందరం నాయుడు గారి శ్రమ కూడా ఉంది. బ్యాటరీతో నడిచే రసాంట్ అనే క్షౌర యంత్రాన్ని కూడా రూపొందించారు. 1952లో రెండు వేల రూపాయలకే ఇద్దరు కూర్చునే పెట్రోలు కారు తయారుచేశారు. ప్రభుత్వం లైసెన్సు ఇవ్వలేదు, కారు అక్కడే ఆగిపోయింది. పన్నుల భారానికి నిరసనగా తాను చేసిన వస్తువులను జనం ముందే పగలగొట్టారు కూడా. ఆయన కోపం న్యాయమైనదే. కానీ చేతితో చేసిన యంత్రాన్ని సుత్తితో కొట్టడం నాకు ఇప్పటికీ మింగుడుపడదు.

ఆయన జీవితంలో నన్ను ఎక్కువగా ఆలోచింపజేసింది మాత్రం చదువు సంగతి. 1945లో ఆర్థర్ హోప్ పేరుతో కోయంబత్తూరులో పాలిటెక్నిక్, ఇంజనీరింగు కాలేజీ రావటానికి ఆయనే కారకులు. ప్రిన్సిపాలుగానూ ఉన్నారు. నాలుగేళ్ల కోర్సు కాలహరణమనీ, రెండేళ్లలో అంతా నేర్పవచ్చుననీ ఆయన వాదన. ప్రభుత్వం ఒప్పుకోలేదు, ఆయన రాజీనామా చేసి వచ్చేశారు. మా ఇంట్లో డిగ్రీ చూసిన మొదటివాణ్ని నేనే. రెండేళ్లకే చేతికి పని వస్తుందంటే మా నాన్నలాంటి వారికి అది ఎంత ఊరటో నాకు తెలుసు. అయినా నేను పూర్తిగా ఆయన పక్షం కాదు. ఆయనకు విప్పటానికి ఒక బండి దొరికింది. ఇంట్లో స్క్రూడ్రైవరు కూడా లేని పిల్లవాడికి ఆ అదనపు రెండేళ్లూ, లేబరేటరీ, లైబ్రరీ, పైన హాస్టలు కప్పూ కావాలి. కాకపోతే ఆ నాలుగేళ్లలో ఒక్క ఇంజను కూడా విప్పకుండా పట్టా చేతికొస్తే ఆయన అన్నదే నిజమవుతుంది. మనలో అలా బయటికి వచ్చినవారు ఎంతమందో లెక్క వేసుకుంటే తెలుస్తుంది.

1974 జనవరి 4న ఆయన మరణించారు. కోయంబత్తూరులో ఆయన పేరిట పారిశ్రామిక ప్రదర్శనశాల, పాత కార్ల మ్యూజియం ఉన్నాయి. ఎవరి దగ్గరైనా అలాంటి పాత కారు ఉండి, దానికి ప్లగ్గు వెదకవలసి వస్తే ముందు మర వెడల్పు కొలవాలి. పాత ఇంజన్లలో 18 మిల్లీమీటర్ల మర ఎక్కువ, తర్వాతి వాటిలో 14. మర పొడవు ఎక్కువైతే పిస్టనుకు తగులుతుంది. తక్కువైతే రవ్వ గుంటలో ఉండిపోతుంది. ఇక నంబరు సంగతి. బాష్ పాత ప్లగ్గుల మీద 175, 225 వంటి అంకెలుండేవి, అంకె పెరిగేకొద్దీ ప్లగ్గు కోల్డు. తర్వాత వచ్చిన ఒంటి అంకెల పద్ధతిలో అంకె పెరిగేకొద్దీ హాటు. ఎన్‌జికెలో పెద్ద అంకె అంటే కోల్డు. అందుచేత పాత పుస్తకంలోని నంబరును దుకాణంలో ఊరికే అప్పజెప్పకుండా, అది ఏ కంపెనీది, ఏ కాలానిది అన్నది కూడా చెప్పాలి.