మదర్ ఇండియాతో ఆస్కార్ దాకా వెళ్ళి ఖాళీ చేతులతో తిరిగొచ్చిన మహబూబ్ ఖాన్

ప్రతి ఏటా ఆస్కార్ అవార్డుల టైమ్ వచ్చిందంటే ఒక మాట మళ్ళీ వినిపిస్తుంది. మదర్ ఇండియా ఒక్క ఓటు తేడాతో అవార్డు పోగొట్టుకుందని. ఆ సినిమా తీసిన మహబూబ్ ఖాన్ సంగతి మాత్రం ఆ ఒక్క ఓటు దగ్గరే ఆగిపోతుంది. ఆయన జిందగీలో చేతి దాకా వచ్చి జారిపోయింది అదొక్కటే కాదు.

మహబూబ్ ఖాన్ 1907లో గుజరాత్‌లోని బిలిమోరాలో పుట్టారు. అప్పట్లో అది బరోడా సంస్థానం కింద ఉండేది. పేద కుటుంబం, చదువు దాదాపు లేనట్టే. సినిమా పిచ్చితో కుర్రతనంలోనే బొంబాయి చేరారు. అక్కడ దొరికిన పని గుర్రాలకు నాడాలు వేయడం. ఆ గుర్రపుశాల నుంచే మెల్లగా స్టూడియోల వైపు దారి దొరికింది. ఇంపీరియల్ ఫిల్మ్ కంపెనీలో ఎక్స్‌ట్రాగా చేరారు. 1927లో వచ్చిన అలీబాబా మూకీ సినిమాలో నలభై మంది దొంగల్లో ఒకడిగా కనిపించారు.

1931లో మన దేశపు మొదటి టాకీ ఆలం ఆరా తయారవుతున్నప్పుడు హీరో వేషానికి మహబూబ్ పేరు కూడా అనుకున్నారు. చివరికి డైరెక్టర్ అర్దేషిర్ ఇరానీ అప్పటికే పేరున్న మాస్టర్ విఠల్‌ని తీసుకున్నారు. ఆ ఛాన్స్ దొరికి ఉంటే మహబూబ్ నటుడిగానే మిగిలిపోయేవారేమో. దొరకలేదు కాబట్టే కెమెరా వెనక్కి వెళ్ళారు. 1935లో సాగర్ మూవీటోన్ వారి అల్ హిలాల్‌తో డైరెక్టర్ అయ్యారు. సరిగ్గా రాయడం, చదవడం రాని మనిషి ఒక పెద్ద కంపెనీ సినిమాను నడిపించారంటే ఆ రోజుల్లో కూడా చిన్న విషయం కాదు.

1940లో ఆయన ఔరత్ తీశారు. షావుకారు అప్పులో కూరుకుపోయిన ఇల్లు, భర్త లేకుండా పిల్లల్ని పెంచే తల్లి, దారి తప్పిన కొడుకు. తల్లి రాధగా సర్దార్ అఖ్తర్ నటించారు. 1942లో ఆమె, మహబూబ్ నికాహ్ చేసుకున్నారు. ఔరత్‌కు అవార్డు అనే మాటే రాలేదు, ఎందుకంటే అప్పటికి మన దగ్గర ఫిల్మ్‌ఫేర్ లేదు, ప్రభుత్వ అవార్డులూ లేవు. ఆ కథను మాత్రం మహబూబ్ వదల్లేదు.

తర్వాత సొంత బ్యానర్ మహబూబ్ ప్రొడక్షన్స్ పెట్టారు. 1943లో తక్దీర్‌తో పద్నాలుగేళ్ళ నర్గిస్‌ను హీరోయిన్‌ని చేశారు. అన్మోల్ ఘడీ, అందాజ్, ఆన్ ఒకదాని తర్వాత ఒకటి జనాన్ని హాళ్ళకు లాక్కొచ్చాయి. దేశ విభజన తర్వాత అన్మోల్ ఘడీ హీరోయిన్ నూర్జహాన్ పాకిస్తాన్ వెళ్ళిపోయారు. మహబూబ్ బొంబాయిలోనే ఉండిపోయి, 1954లో బాంద్రాలో సొంత స్టూడియో కట్టుకున్నారు.

ఆ బ్యానర్ గుర్తు గురించి కాస్త చెప్పుకోవాలి. తెర మీద కొడవలి, సుత్తి వచ్చేవి. దాంతోపాటు ఒక ఉర్దూ షేర్ వినిపించేది. దుష్మన్ ఎంత చెడు కోరుకున్నా చివరికి జరిగేది ఖుదా మర్జీ ప్రకారమే అని దాని భావం. మహబూబ్ కమ్యూనిస్టు పార్టీ మనిషి కాదు. నాడాలు కొట్టి పైకొచ్చిన మనిషికి ఆ పనిముట్లు నచ్చాయనుకోవచ్చు. దేవుడి మీద భరోసా, కూలి మనిషి పనిముట్టు ఒకే ఫ్రేములో పెట్టడం ఆయనకే చెల్లింది.

ఔరత్ కథనే మళ్ళీ రంగుల్లో తీయాలనుకున్నప్పుడు మొదటి తకరారు పేరు దగ్గరే వచ్చింది. మదర్ ఇండియా అంటే అప్పటి జనానికి గుర్తొచ్చేది అమెరికా రచయిత్రి క్యాథరీన్ మేయో 1927లో మన దేశాన్ని కించపరుస్తూ రాసిన పుస్తకం. 1955లో ప్రభుత్వ శాఖలు సంజాయిషీ అడిగాయి. తన సినిమా ఆ పుస్తకానికి వ్యతిరేకమేనని, కావాలనే అదే పేరు పెట్టానని మహబూబ్ వివరించి, స్క్రిప్టు పంపించారు. తల్లి పాత్ర నర్గిస్ చేశారు. షావుకారు సుఖీలాలాగా కన్హయ్యాలాల్, కెమెరా వెనక ఫరీదూన్ ఇరానీ, వీళ్ళిద్దరూ ఔరత్‌లో ఉన్నవాళ్ళే. సంగీతం నౌషాద్, పాటలు షకీల్ బదాయూనీ. సూరత్ దగ్గర మంటల సీన్ తీస్తుండగా నర్గిస్ నిజంగానే మంటల్లో చిక్కుకుంటే, సినిమాలో ఆమె కొడుకుగా చేస్తున్న సునీల్ దత్ దూకి కాపాడారు. ఏడాది తర్వాత వాళ్ళ పెళ్ళి జరిగింది.

1957 అక్టోబర్‌లో సినిమా రిలీజై దేశమంతా ఆడింది. ఆస్కార్‌లో విదేశీ భాషా చిత్రాల కోసం పోటీ మొదలై అప్పటికి రెండో ఏడాదే. ఆ విభాగానికి భారత్ పంపిన మొట్టమొదటి సినిమా మదర్ ఇండియా. మొదటిసారే చివరి అయిదులో నిలిచింది.

కానీ అమెరికా వెళ్ళిన సినిమా మనవాళ్ళు చూసిన సినిమా కాదు. మన దగ్గర 172 నిమిషాలు, అక్కడికి పంపింది 120. అంటే 52 నిమిషాలు, దాదాపు మూడో వంతు, కత్తెర కింద పోయింది. కొడవలి సుత్తి గుర్తు కూడా తీసేశారు. అమెరికా, రష్యా మధ్య పడని రోజులు, అకాడమీ వాళ్ళకు ఆ గుర్తు కంట్లో నలుసు అవుతుందని భయం. గెలవడానికి ఏమేం వదులుకోవాలో మహబూబ్ అప్పుడే లెక్క వేసుకున్నారన్నమాట. ఓటమి కన్నా ఇదే ఎక్కువ బాధగా అనిపిస్తుంది.

1958 మార్చి 26న లాస్ ఏంజెలెస్‌లో ఫలితం వచ్చింది. ఫ్రాన్స్, పశ్చిమ జర్మనీ, నార్వే, ఇటలీ సినిమాలు పోటీలో ఉన్నాయి. అవార్డు ఇటలీకి, ఫెలీనీ తీసిన నైట్స్ ఆఫ్ కబీరియాకు వెళ్ళింది. అంతకు ముందు ఏడాది గెలిచింది కూడా ఫెలీనీ సినిమానే. కబీరియా కూడా ఒంటరి ఆడమనిషి కథే, రోమ్ నగరంలో అందరి చేతిలో మోసపోతూ మళ్ళీ లేచి నిలబడే ఒక అభాగ్యురాలి కథ. ఒక్క ఓటు తేడా అనే మాట అప్పటి నుంచి నడుస్తోంది. అకాడమీ ఓట్ల లెక్క బయట పెట్టదు కాబట్టి ఆ మాటను మాటగానే తీసుకోవాలి. మహబూబ్ మిగతా సినిమాలు కూడా చూశారని, తన సినిమానే వాటికన్నా మేలని నమ్మారని, అందుకే బాగా కుంగిపోయారని సునీల్ దత్ చాలా ఏళ్ళ తర్వాత గుర్తు చేసుకున్నారు.

ఇక్కడ మాత్రం గౌరవానికి లోటు లేదు. ఉత్తమ చిత్రం, ఉత్తమ దర్శకుడు సహా అయిదు ఫిల్మ్‌ఫేర్ అవార్డులు వచ్చాయి. చెకోస్లొవేకియాలోని కార్లోవి వారీ ఫెస్టివల్‌లో నర్గిస్ ఉత్తమ నటి అయ్యారు. 1971లో ఆ కథే తెలుగులో బంగారు తల్లిగా వచ్చింది, నర్గిస్ వేషం జమున వేశారు.

మహబూబ్ మాత్రం ఆ తర్వాత ఒక్క సినిమానే తీయగలిగారు. మదర్ ఇండియాలో చిన్నప్పటి బిర్జూగా వేసిన సాజిద్ ఖాన్‌ను ఆయన, సర్దార్ అఖ్తర్ పెంచుకున్నారు. ఆ పిల్లాడినే పెట్టి 1962లో సన్ ఆఫ్ ఇండియా తీస్తే జనం ఆదరించలేదు. 1963లో పద్మశ్రీ వచ్చింది.

1964 మే 27న ప్రధాని నెహ్రూ చనిపోయారు. మర్నాడు, మే 28న, దేశమంతా నెహ్రూ అంతిమయాత్ర వైపు చూస్తున్న రోజే బొంబాయిలో మహబూబ్ ఖాన్ ఇంతెకాల్ అయ్యారు. మెరైన్ లైన్స్‌లోని బడా ఖబరస్తాన్‌లో ఆయన్ను దఫన్ చేశారు.

ఆ విభాగంలో మన దేశం నుంచి తర్వాత చివరి అయిదు దాకా వెళ్ళినవి రెండే, 1989లో సలాం బాంబే, 2002లో లగాన్. అవి కూడా అవార్డు లేకుండానే తిరిగొచ్చాయి. 2023లో మన నాటు నాటు గెలిచింది పాటల విభాగంలో. ఇవాళ మన ఇళ్ళలో మదర్ ఇండియా పూర్తి సినిమా పెడితే అమెరికా కోసం తీసేసిన ఆ కొడవలి, సుత్తి, ఆ షేర్ మొదట్లోనే వస్తాయి.