వైద్యరత్న దీవి గోపాలాచార్యులవారు

నేడు మన హైదరాబాదు నగరమున మాదాపూరు, గచ్చిబౌలి ప్రాంతములందు అద్దపు మేడలు ఆకాశము నంటుచున్నవి. ఆ మేడల నీడను పెరుగు బిడ్డలకు ప్లేగు అను మాట పుస్తకములలో తప్ప వినబడదు. కాని 1908 నాటి మూసీ వరద చేసిన గాయము మానకమునుపే, 1911వ సంవత్సరమున, ఆ మహమ్మారి యీ నగరమును పట్టి పీడించెను. మరుసటి యేట ఇరుకు వాడలను తెఱపిచేసి, గాలియు వెలుతురును వచ్చునట్లు చేయుటకై నగరాభివృద్ధి సంఘ మొకటి ఏర్పడెను.

ఆ భయంకర దినములలో ప్లేగునకు మందు కనిపెట్టవలెనని దేశమందు పెక్కురు పాటుపడిరి. వారిలో మన తెలుగు వైద్యుడొకరు కలరు. ఆయనయే పండిత దీవి గోపాలాచార్యులవారు. వారి చరిత్రము బాలబాలికలు తెలిసికొనదగినది.

గోపాలాచార్యులవారు 1872వ సంవత్సరమున మచిలీబందరున జన్మించిరి. బందరు ఓడల రాకపోకలకును, కలంకారీ అద్దకమునకును పేరుపడిన పట్టణము. 1843లో రాబర్టు నోబిల్ దొరగారు అచ్చట పాఠశాల స్థాపించినది మొదలు అది కృష్ణాతీరమున ఇంగ్లీషు విద్యకు పుట్టినిల్లయ్యెను. అట్టి యూరిలో ఆచార్యులవారి యింట మాత్రము పూర్వుల విద్యయగు ఆయుర్వేదమే నిలిచియుండెను. ఆ వంశమువారు శ్రీవైష్ణవులు, వైద్యవృత్తిలో ఆఱితేరినవారు.

ఆ కాలపు వైద్యవిద్య తీరు కొంచెము చెప్పవలసియున్నది. తండ్రి మందు నూఱుచుండగా కుమారుడు చూచి నేర్చుకొనెడివాడు. ఏ యాకు ఎంత, ఏ భస్మ మేపాటి, ఏ యనుపానముతో అను సంగతులు ఇల్లు దాటి పోకుండెడివి. మంచి మందు తెలిసిన వైద్యుడు దానిని మఱియొకరికి చెప్పక కన్నుమూసినచో ఆ మందును అతనితోడనే పోయెడిది. మిగిలినవారిలో కొందఱు శాస్త్ర మెఱుగకయే వైద్యులమని చెప్పుకొని తిరుగుచుండిరి. విద్య తెలిసినవానికిని తెలియనివానికిని భేదము కనిపెట్టుట రోగికి సాధ్యము కాకుండెను.

గోపాలాచార్యులవారు ఇంటివిద్యతో తృప్తిపడలేదు. మైసూరునకు పోయి ఆయుర్వేదమును శాస్త్రముగా చదివిరి. పిదప ఉత్తరదేశమున సంచరించి అచ్చటి వైద్యులు అనుసరించు పద్ధతులను చూచి వచ్చిరి. దేశమంతట ఆయుర్వేద మొక్కటియే యైనను, ఒక ప్రాంతపు వైద్యుని కైపుణ్యము వేఱొక ప్రాంతమువానికి తెలియకుండుట వారు గ్రహించిరి. తరువాత మైసూరు రాజ్యమున వైద్యశాలలో పనిచేసిరి.

ఇంతలో ప్లేగు వచ్చెను. 1896లో బొంబాయిలో తలయెత్తి, 1898 నాటికి బెంగుళూరునకు వ్యాపించెను. జ్వరము తగిలి, గజ్జలలోను చంకలలోను బిళ్లలు కట్టి, నాలుగైదు దినములలోనే మనుష్యులు రాలిపోవుచుండిరి. అధికారులు రోగులను బలవంతముగ ఆసుపత్రులకు తరలించుచుండగా జనులు భయపడి తమవారిని దాచుచుండిరి. ఊళ్లకు ఊళ్లు ఖాళీయై, జనులు బయలున పాకలు వేసికొనిరి. ప్లేగు సూక్ష్మజీవిని యెర్సిన్ పండితుడు 1894లోనే హాంకాంగున కనిపెట్టియుండెను. హాఫ్కిన్ పండితుడు 1897లో బొంబాయిలో టీకామందు సిద్ధపఱచి ముందుగా తన దేహముననే పొడిపించుకొనెను. అయినను రోగము తగిలిన పిదప దానిని మాన్పు మందు ఏ వైద్యులయొద్దను లేకుండెను.

అట్టి సమయమున గోపాలాచార్యులవారు రెండు మందులు సిద్ధపఱచిరి. ఒకటి లోనికిచ్చు హైమాది పానకము. రెండవది బిళ్లలపై పూయు శతధౌత ఘృతము. ఈ రెండవది ప్రాచీనమైన కల్పము. ఆవునేతిని రాగిపాత్రలో పోసి, చల్లని నీరు చేర్చి, బాగుగ మర్దించి, ఆ నీటిని పాఱబోయవలెను. ఇట్లు నూఱుమాఱులు కడుగగా నేతి రంగును వాసనయు పోయి, వెన్నవలె తెల్లనై మృదువైన లేపన మేర్పడును. మంటపుట్టుచున్న చర్మమునకు అది చల్లదన మిచ్చును. ఆచార్యులవారి యీ మందుల పేరు దేశమంతట వ్యాపించెను.

ఇచ్చట సత్యమును మఱుగుపఱుపరాదు. పానకముగాని లేపనముగాని ప్లేగును గెలువలేదు. కోటికి మించిన జనము ఈ దేశమున దాని వాతబడిరి. ఎలుకలపై నుండు చిన్ని కీటకము రోగమును మోయునని తెలిసికొని ఎలుకలను అరికట్టుటచేతను, 1943లో కనిపెట్టబడిన స్ట్రెప్టోమైసిన్ వంటి మందులచేతను ఆ రోగము లొంగెను. కాని జనులు పారిపోవుచున్న కాలమున రోగి మంచముకడ నిలిచి, తన శాస్త్రమున నేమైన నుపాయము కలదాయని వెదకిన వైద్యుని చిన్నచూపు చూడదగదు.

మదరాసునకు వచ్చిన పిదప వారు చేసిన పని అంతకంటె గొప్పది. అచ్చట ఆయుర్వేదాశ్రమము నెలకొల్పి, మందులను ఒకే పాకమున, ఒకే కొలతతో తయారుచేయించి, పొట్లములమీదను సీసాలమీదను పేరు వేసి దూరదేశములకు పంపిరి. వారి జీవామృతము ప్రకటనలు తెలుగు పత్రికలు చదువువారికి చిరపరిచితములు. శ్రీ కన్యకాపరమేశ్వరీ దేవస్థానమువారి ధర్మమున ఆయుర్వేద వైద్యశాలయు పాఠశాలయు నడపి, విద్యార్థులకు ఉచితముగ బోధించిరి. సంస్కృత వైద్యగ్రంథములు తెలుగు చదువరులకు అందునట్లు ముద్రింపించిరి. వంశమువారు మాత్రమే యెఱిగియున్న విద్యను నలుగురి యెదుట నల్లబల్లపై వ్రాసి చూపుట ఆనాడు సామాన్యమైన సాహసము కాదు. తన జీవనాధారమగు రహస్యమును పరుల చేతిలో పెట్టుటకు ఎంతమంది యొప్పుకొందురు?

వారి శిష్యులలో డాక్టరు ఆచంట లక్ష్మీపతిగారు మిక్కిలి ప్రసిద్ధులు. వీరు మదరాసు వైద్యకళాశాలలో పాశ్చాత్యవైద్యము చదివి పట్టము పొందినవారు. అయినను ఆచార్యులవారిని గురువుగా నెంచి, ఆయుర్వేదము నభ్యసించి, తరువాత తెలుగున వైద్యగ్రంథములు వ్రాసి, ఎండ, గాలి, వ్యాయామము, మితాహారము ఆరోగ్యమునకు మూలములని ఊరూర బోధించిరి. లక్ష్మీపతిగారు 1962లో కాలధర్మము నొందిరి. మదరాసు రాష్ట్రమునకు 1946లో ఆరోగ్యమంత్రిణియైన రుక్మిణీ లక్ష్మీపతిగారు వీరి ధర్మపత్ని.

ప్రభుత్వమువారు 1913లో గోపాలాచార్యులవారికి వైద్యరత్న బిరుదము నొసగిరి. కాని ఆ మరుసటి యేడే మదరాసున చేయబడిన వైద్యుల రిజిస్ట్రేషను చట్టము పాశ్చాత్యవైద్యులనే వైద్యులుగా గుర్తించెను. ఒకచేత బిరుదము, వేఱొకచేత నిరాకరణము. 1918లో దేశీయౌషధములను పరిశీలించుటకు ప్రభుత్వము డాక్టరు కోమన్ గారిని నియమించెను. ఆయన నివేదికలు ఆయుర్వేదపద్ధతులను మెచ్చుకొనలేదు. వైద్యులు వానిని గట్టిగ ఖండించిరి. ఆ వాదము నడుచుచుండగనే, 1920లో, నలువదియెనిమిదేండ్లయినను నిండక నిండక ఆచార్యులవారు పరమపదించిరి. పిమ్మట 1921లో మహమ్మదు ఉస్మాన్ గారి యధ్యక్షతను ఒక సంఘ మేర్పడి, దేశీయవైద్యమునకు ప్రోత్సాహ మవసరమని 1923లో తెలిపెను. 1925లో మదరాసున ప్రభుత్వ భారతీయ వైద్యపాఠశాల తెఱవబడెను. గోపాలాచార్యులవారు దానిని చూడలేదు. కాని ఆ త్రోవలోని ముండ్లు ఏఱివైచినవారిలో వారొకరు.

బాలబాలికలారా! ఈ చరిత్రమువలన మనము నేర్చుకొనదగినది రెండు మాటలు. దాచిన విద్య నశించును, పంచిన విద్య పెరుగును. ఇది మొదటిది. పాతదియని త్రోసివేయుటయు, పాతది కావుననే నమ్ముటయు రెండును తప్పులే. ఏ మందునైనను పరీక్షించియే గ్రహింపవలెను. ఇది రెండవది. నేడు మన చేతిలోని ఫోనున వేయి చిట్కాలు కనబడును. వానిని చెప్పువారి చదువెంతయో మనకు తెలియదు. ఇంట జ్వరము వచ్చినప్పుడు వానిని నమ్మి కాలము జాఱవిడువక, చదివిన వైద్యునికడకు పోవలెను. వైద్యు డెవరో, కపటి యెవరో జనులు తెలిసికొనగలుగునట్లు చేయవలెననియే గదా గోపాలాచార్యులవారు పాఠశాల పెట్టినది! వారి మందులలో కొన్ని కాలమునకు నిలువలేదు. వారు తెఱచిన తలుపు మాత్రము నేటికిని మూయబడలేదు.